రబ్బరు బంపర్ చేసిన పాపమేమిటి?

ఇంగ్లండులో వేసవి వచ్చిందంటే ప్రతి ఆదివారం ఏదో ఒక ఊళ్లో పాత కార్ల మేళా ఉంటుంది. జాగ్వార్ ఈ-టైపులకీ ఆస్టన్ మార్టిన్లకీ మైదానం మధ్యలో తాడు కట్టి మరీ చోటిస్తారు. ఎంజీబీలను మాత్రం కంచె పక్కన గడ్డిలో వరసగా ఆపమంటారు, పెళ్లిలో చుట్టాలంతా తిన్నాక మూడో బంతికి పిలిచినట్టు. ఆ వరసలోనూ మళ్లీ తరతమాలు. మెరిసే క్రోమ్ బంపర్ల బండ్లు ముందు, నల్లటి రబ్బరు బంపర్ల బండ్లు ఆ చివర. నాది ఆ చివరి బాపతు, 1978 నాటి పైకప్పులేని రోడ్‌స్టర్. చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకసారి చుట్టూ తిరిగి, జాలిగా ఓ నవ్వు నవ్వి, "బంపర్లు మార్పించెయ్యొచ్చుగా" అని ఉచిత సలహా పారేసి పోతాడు. ఏళ్ల తరబడి ఈ సలహా విని విని విసిగిపోయాను. కొంచెం కడుపుమంట వెళ్లగక్కుకోనివ్వండి.

ఎంజీ అంటే ఇప్పుడు హైదరాబాదులో పిల్లాడిక్కూడా తెలుసు. హెక్టర్ కదా అంటాడు. అది 2019లో వచ్చిన బండి, పేరు మాత్రమే పాతది. ఆ పేరు మోరిస్ గ్యారేజెస్‌ది. ఆక్స్‌ఫర్డులో కార్లు అమ్మే ఆ సంస్థకు 1920ల్లో సెసిల్ కింబర్ మేనేజరు. మామూలు మోరిస్ కార్లకే కొత్త బాడీలు తొడిగి హుషారైన బండ్లు చేయించడం మొదలుపెట్టాడు. 1929లో వ్యాపారం దగ్గర్లోనే ఉన్న ఆబింగ్డన్ అనే చిన్న ఊరికి మారింది. ఎంజీబీ పుట్టింది అక్కడే, 1962లో. సిడ్ ఎనెవర్ చీఫ్ ఇంజనీరు, బొమ్మ గీసింది డాన్ హేటర్. పద్దెనిమిదేళ్లలో ఐదు లక్షల పైచిలుకు బండ్లు చేశారు. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీకి తాళం పడింది.

ఆ ఐదు లక్షలే దాని నేరం. పాత కార్ల బజారుకు అరుదైన సరుకు కావాలి. పది బండ్లే చేసి దివాలా తీసిన కంపెనీ కారైతే, అది సరిగ్గా నడవకపోయినా కోట్లు పోస్తారు. బడిపంతులూ, పోస్టుమనిషీ కూడా కొనుక్కోగలిగిన కారంటే "ఆఁ, ఎంజీబీయా" అని పెదవి విరుస్తారు. ఈ లెక్కలో బండి మంచితనానికి చోటేదీ?

తెలుగువాళ్లకు ఈ కారు పరాయిదేం కాదు. కొంచెం మూత ఎత్తి చూడండి. లోపలున్నది బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజను, 1798 సీసీ. అదే బీ-సిరీస్‌లో 1489 సీసీది మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజను విప్పి బిగించిన పాతతరం మేస్త్రీని తీసుకొచ్చి నా బండి ముందు నిలబెడితే, సోదరుడి ఇంటికొచ్చినట్టే చనువుగా పని మొదలెడతాడు. రాకర్ షాఫ్టు, పుష్‌రాడ్లు, పక్కన డిస్ట్రిబ్యూటర్, ఎస్‌యూ కార్బురేటర్, అన్నీ తెలిసిన మొహాలే. ఆరోజుల్లో ట్యాక్సీగా మన ఊళ్లలో మేకల్నీ మనుషుల్నీ మోసిన ఇంజను కుటుంబమే ఇక్కడ స్పోర్ట్స్ కారు బానెట్ కింద ఉంది. ఇది తెలిశాక నాకు బండి మీద గౌరవం పెరిగింది. బజారుకేమో తగ్గుతుంది.

పెరగడానికి కారణం చెప్తాను. ఈ ఇంజనుకు ట్యాపెట్లు సెట్ చెయ్యడానికి తొమ్మిది లెక్క అని ఒకటుంది. వాల్వులు ఎనిమిది. ముందునుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది, ఆరోదైతే మూడోది. ఎప్పుడు కలిపినా తొమ్మిది రావాలి. ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, బండిని టాప్ గేరులో పెట్టి, మా అమ్మాయి వెనకనుంచి కొంచెం కొంచెం తోస్తుంటుంది. నేను ముందు వంగి రాకర్లను చూస్తూ "చాలమ్మా, ఆపు" అంటాను. లాక్‌నట్టు మీద రింగు స్పానర్, స్క్రూ మీద స్క్రూడ్రైవర్, మధ్యలో పదిహేను థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ఫీలర్ గేజి. రేకు అటూఇటూ జరిపితే నూనెలో కత్తి లాగినంత పట్టుండాలి. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, మళ్లీ ఒకసారి రేకు దూర్చి చూడాలి. ఎందుకంటే బిగించేటప్పుడే సగం సెట్టింగు పోతుంది. ఎనిమిదీ అయ్యేసరికి నడుము పట్టేస్తుంది. అమ్మాయి మాత్రం ఎక్కాలు చదవకుండానే తొమ్మిదిలో ఎన్ని జతలున్నాయో నేర్చుకుంది.

తర్వాత కార్బురేటర్లు. బ్రిటన్‌లో అమ్మిన బండ్లకు రెండుంటాయి. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలియడానికి పరికరాలు అమ్ముతారు. నా దగ్గరున్నది ఓ మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర. ఒకదాని సుయ్‌మనే చప్పుడు విని, గొట్టం రెండోదానికి మార్చి, రెండూ ఒకే శ్రుతిలో పడేదాకా స్క్రూ తిప్పడమే. పై డబ్బాలో డ్యాంపర్ నూనె ఇంకిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను దగ్గుతుంది. ఓ చెంచాడు నూనె పోస్తే దగ్గు పోతుంది. ఇగ్నిషన్ తాళం తిప్పగానే వెనకెక్కడో పెట్రోలు పంపు టకటకటకమని కొట్టుకుని, గిన్నెలు నిండాక నెమ్మదించి ఆగుతుంది. ఆ ఆగడంలో తేడా వచ్చిందంటే ఎక్కడో లీకుందని అర్థం. కంప్యూటర్ తగిలించి రోగమేమిటో అడగాల్సిన పనిలేదు, బండే చెప్తుంది. ఇలా యజమానికి అర్థమయ్యే కారును "పాతబడ్డ టెక్నాలజీ" అనడం నాకు నచ్చదు.

ఇవన్నీ సరదా పనులే. అసలు పని బండి కింద ఉంటుంది.

ఎంజీబీకి లారీలకున్నట్టు విడిగా ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి అతికిన పెట్టెలాంటి బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పులేని రోడ్‌స్టర్‌లో ఆ బరువు ప్రధానంగా రెండు తలుపుల కిందా పొడుగ్గా పోయే సిల్స్ మీద పడుతుంది. ఒక్కో సిల్ నాలుగు రేకుల కూర్పు. లోపలి సిల్, మధ్యలో నిలువు పొర, బయటి సిల్, అడుగున క్యాజిల్ రైలు. ముందు చక్రం వెనక రెక్క కింద బురదా నీళ్లూ చేరతాయి, ఆ తడి లోపలికి పాకుతుంది. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది దానికి తోడు. తుప్పు లోపలే పుట్టి లోపలే పెరుగుతుంది. బయట పెయింటు మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల రెండు పొరలు పొడై ఉంటాయి. ఇది చదివి భయపడి పారిపోయేవాళ్లకు ఎంజీబీ కొనే అర్హత లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

కోసేముందు బండిని సరైన చోట్ల స్టాండ్ల మీద నిలపాలి. తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద వేసి బిగించాలి. లేకపోతే సిల్ కోయగానే బండి నడుము దగ్గర కుంగుతుంది, ఆ కుంగినట్టే కొత్త రేకు అతికితే ఇక ఆ తలుపు జన్మలో సరిగ్గా పడదు. ఒకేసారి రెండు పక్కలా కోయకూడదు. పాత స్పాట్ వెల్డింగు చుక్క చుక్కనీ డ్రిల్లుతో తొలిచి, రేకు విడదీసి, తుప్పు పట్టిన మేర మెరిసే ఇనుము కనిపించేదాకా గ్రైండర్ పట్టించి, కొత్త రేకు బిగించి, తలుపు మూసి తెరిచి, సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందో లేదో చూసుకుని, అప్పుడు వెల్డు. ఒకేచోట ఎక్కువసేపు కాలిస్తే రేకు అప్పడంలా వంకర్లు పోతుంది కాబట్టి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. బయటి రేకు కూడా అతికి, అన్నీ అయ్యాక లోపలి బోలులోకి మైనం కొట్టాలి. ఇక ఈ పనంతా ఎవరికీ కనిపించదు. ఇంత కష్టపడి ఎవరికీ కనిపించకుండా చేసే పని ప్రపంచంలో మరొకటి నాకు తెలియదు.

సరిగ్గా ఇక్కడే నా గుండె మండేది. వేలంపాటల వాళ్లూ, ధర కట్టే పెద్దలూ బండి పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. పేరున్న వర్క్‌షాపు బిల్లుల దొంతర చూపిస్తే కళ్లు మెరుస్తాయి. "ఇంట్లోనే చేసుకున్నానండీ" అంటే కళ్లజోడు సర్దుకుంటారు. నా బండికి ఇన్సూరెన్సు విలువ ఖాయం చెయ్యడానికి వచ్చిన ఒక మదింపుదారుకు ఫొటోలన్నీ చూపించాను. తుప్పు తీసిన రేకు, ఇనుప బద్దలు, ప్రతి చుక్క వెల్డూ. ఆయన ఓపిగ్గా చూసి, బిల్లులు అడిగాడు. రేకుల బిల్లుంది, గ్యాసు సిలిండర్ బిల్లుంది, వెల్డింగు తీగ బిల్లుంది. కూలీ గడి మాత్రం ఖాళీ. ఖాళీ గడికి సున్నా వేసుకున్నాడు. అదే పని డబ్బిచ్చి ఎవడో ముక్కూమొహం తెలియనివాడితో చేయిస్తే వేల పౌండ్ల విలువ! మూలనున్న రేకు నాకోసం ఎవడు అంత శ్రద్ధగా తొలుస్తాడు? బిల్లు గంటల లెక్కన ఇచ్చేవాడు కనిపించని బోలులో మైనం కొడతాడని గ్యారంటీ ఏమిటి?

ఇంటి పనుల్లో చెత్త పనులుంటాయి, ఒప్పుకుంటాను. తుప్పు మీదే పుట్టీ మెత్తి, పాత సిల్ మీద కొత్త సిల్ కప్పి, పెయింటు కొట్టి అమ్మేసిన ఘనులను నేనూ చూశాను. కానీ ఆ బాపతు వర్క్‌షాపు పనీ బోలెడంత చూశాను, దానికి పక్కాగా బిల్లు కూడా ఉంది. పని మంచిచెడ్డలు రేకు విప్పితే తెలుస్తాయి, కాగితం విప్పితే తెలియవు.

మరో విచిత్రం చూడండి. బ్రిటన్‌లో నలభయ్యేళ్లు దాటిన కారుకు, ఒరిజినల్‌గానే ఉంటే, 2018 మే నుంచి ఏటా చేసే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. రోడ్డు పన్నూ లేదు. అంటే బండి రోడ్డుకు పనికొస్తుందా లేదా అని చూసుకునే బాధ్యత యజమాని మీద పెట్టింది సర్కారు. సాటి మనుషుల ప్రాణాల విషయంలో సర్కారు నన్ను నమ్మింది. నా చేతి వెల్డుకు నాలుగు పౌండ్ల విలువ కట్టడానికి మాత్రం బజారు నమ్మదు.

ఈ చేతులే లేకపోతే ఎంజీబీలు ఏనాడో తుక్కైపోయేవి. జాన్ హేన్స్ అనే ఆయన ఉండేవాడు, 1938లో సిలోన్‌లో పుట్టి తేయాకు తోటల్లో పెరిగినవాడు. రాయల్ ఎయిర్‌ఫోర్సులో ఉండగా ఏడెన్‌లో ఓ స్నేహితుడి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌ను విప్పి బిగించాల్సి వచ్చింది. కంపెనీ పుస్తకం చూస్తే అందులో మామూలు మనిషికి అర్థమయ్యేదేమీ లేదు. దాంతో విప్పుతూ విప్పుతూ ప్రతి మెట్టుకూ ఫొటోలు తీసి, 1966లో తానే పుస్తకం వేశాడు. అలా మొదలైన హేన్స్ మాన్యువళ్లు ఇంగ్లండులో ఇంటింటి షెడ్డుల్లో నూనె మరకలతో నలిగాయి. ఆ స్ప్రైట్ తయారైందీ మన ఆబింగ్డన్‌లోనే. ఇంటి మనిషి స్పానర్ పట్టుకుంటే పని చెడుతుందనేవాళ్లు ఆ పుస్తకాలు ఇన్నేళ్లు ఎవరు కొన్నారో ఒకసారి ఆలోచించాలి.

విడిభాగాల సంగతీ అంతే. ఫ్యాక్టరీ మూతపడ్డ ఎనిమిదేళ్లకు, 1988లో, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ పాత ప్రెస్ అచ్చులు వెతికి పట్టుకొచ్చి ఎంజీబీ బాడీని మొత్తానికి మొత్తం కొత్తగా తయారుచేసి అమ్మడం మొదలెట్టింది. చచ్చిపోయిన కారుకు కొత్త ఒళ్లు! ఆ అచ్చుల ధైర్యంతోనే, అప్పట్లో ఎంజీ పేరు చేతిలో ఉన్న రోవర్ వాళ్లు 1992లో ఆర్‌వీ8 అనే కొత్త ఎంజీని తెచ్చి ఓ రెండువేలు చేశారు, ఎక్కువభాగం జపాన్ వెళ్లాయి. ఈ అచ్చులు తిరగడానికి డబ్బులు ఎక్కడివి? మేళాల్లో తాడు కట్టించుకునే మహారాజులవి కావు. శనివారం షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని ఓ సిల్, ఓ రెక్క, ఓ బ్రేకు సిలిండర్ కొనుక్కునే సంసారులవి. పెట్రోల్లో సీసం కలపడం 1999 చివర్లో ఆపేసినప్పుడు వాల్వు సీట్లు గట్టివి వేయించుకున్నది వాళ్లే. 2021 సెప్టెంబరులో బంకుల్లో మామూలు పెట్రోల్లో పదిశాతం ఇథనాల్ కలిపేసరికి పాత రబ్బరు గొట్టాలు పాడవుతాయని ఒక్కొక్కటే మార్చుకున్నదీ వాళ్లే. వాళ్లకు ఏ మేళాలోనూ కప్పు ఇవ్వరు.

ఇక బంపర్ల దగ్గరికి వద్దాం, తప్పదు. ఎంజీబీల్లో సగానికి పైగా అమెరికా కొన్నది. చిన్న వేగంలో గుద్దుకున్నా లైట్లు పగలకూడదు, బంపర్లు ఇంత ఎత్తులో ఉండాలి అని అక్కడ చట్టం వచ్చింది. కొత్త కారు చేసే డబ్బు అప్పటి ఎంజీ యజమాని బ్రిటిష్ లేలాండ్ దగ్గర లేదు. 1974 చివర్లో బండి ముందూవెనకా ఉక్కు మీద నల్లటి రబ్బరు తొడిగి, బండిని కాస్త పైకెత్తి పని కానిచ్చారు. ఎత్తు పెరగడంతో మలుపుల్లో ఊగింది. నిజమే, మొదటి రెండేళ్లు బాగా ఊగింది. అమెరికాకు వెళ్లినవాటికి ఉద్గారాల చట్టం కోసం రెండు కార్బురేటర్లు తీసి ఒకటే పెట్టారు, నీరసపడ్డాయి. అక్కడి నీరసం కథ ఇక్కడి బండ్లకూ అంటగట్టారు. 1976లో ముందూవెనకా యాంటీ-రోల్ బార్లు పెట్టి ఊగడం చాలావరకు సరిచేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

పైగా రబ్బరు బంపర్ బండ్లకు కొన్ని మంచి గుణాలున్నాయి. అంతకుముందు సీట్ల వెనక నేల గుంటల్లో ఆరు వోల్టుల బ్యాటరీలు రెండుండేవి, వాటిని చూడటానికే ఒళ్లు హూనమయ్యేది. వీటికి పన్నెండు వోల్టులది ఒకటే. 1976లో రేడియేటర్‌ను ముందుకు జరిపి కరెంటు ఫ్యాను ఇచ్చారు. అంతకుముందు 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 కోసం దిద్దిన ఇంజను గదే వీటికీ వచ్చింది. అందుకే వీ8 ఇంజను వేద్దామనుకునేవాళ్లు రబ్బరు బంపర్ బాడీనే వెతుక్కుంటారు. ఎత్తు నచ్చకపోతే స్ప్రింగులు మార్చుకుంటే చాలు, బండి దిగుతుంది. అయినా బజారులో క్రోమ్‌ బండికీ దీనికీ ధరలో తేడా తేడాయే. దాంతో ఏమవుతోంది? బాగున్న రబ్బరు బంపర్ బండిని కొని, ముక్కు కోసి, క్రోమ్ తగిలించి, పాతదాని వేషం వేస్తున్నారు. లేదా విలువ లేదు కదా అని సిల్స్ కుళ్లనిచ్చి, చివరికి స్పేర్ పార్టులకు విప్పేస్తున్నారు. 1970ల చమురు కష్టం, చట్టాల తలనొప్పి, దివాలా అంచున నిలబడ్డ కంపెనీ, వీటన్నిటి మధ్యా ఆబింగ్డన్ కార్మికులు ఓ స్పోర్ట్స్ కారును ఎలా బతికించుకున్నారో చెప్పే బండి అది. దానికి ముసుగెందుకు?

మనవాళ్ల సంగతీ చెప్పాలి. ఇక్కడి తెలుగు మిత్రుడొకడు వారాంతం భోజనానికి వచ్చి, నన్ను బండి కిందనుంచి కాళ్లు పట్టి లాగినంత పని చేశాడు. "బావా, ఉద్యోగం పోయిందా? షెడ్డేమైనా పెడుతున్నావా?" ఇంజనీరింగు నాలుగేళ్లు చదివి, చేతికి గ్రీజు అంటితే పరువు పోతుందనుకునే జాతి మనది. వాడి కొత్త ఎలక్ట్రిక్ కారుకు అద్దం తుడిచే నీళ్లు ఎక్కడ పొయ్యాలో నేను చూపించాల్సి వచ్చిందన్న సంగతి ఇక్కడ రాయడం మర్యాద కాదు, అయినా రాస్తున్నా.

నేనడిగేది పెద్దదేమీ కాదు. ధర కట్టేవాళ్లు ఇంటి పని ఫొటోలను కూడా సాక్ష్యంగా తీసుకోండి. కావాలంటే బండిని లిఫ్టు ఎక్కించి మీరే టార్చి వేసి చూసుకోండి, రేకు మీద అయస్కాంతం పెట్టి పుట్టీ ఎక్కడుందో తేల్చుకోండి, కూలీ గడిలో సున్నా మాత్రం వెయ్యకండి. మేళాలు నడిపేవాళ్లు మెరుపుకిచ్చే కప్పుల్లో ఒక్కటి, ఒకేఒకటి, సొంతచేత్తో చేసిన సిల్స్‌కు ఇవ్వండి. క్లబ్బుల పెద్దలు రబ్బరు బంపర్ల వరసను ఒక్క ఏడాది కంచె దగ్గరనుంచి మైదానంలోకి పిలవండి. ఇక నా బండి కొంటానని వచ్చి, దూరంనుంచే బంపర్ చూసి ధర తగ్గించమనే మహానుభావుడికి ఒకటే మాట: ముందు ఆ గోనెపట్టా పరుచుకుని కింద పడుకో. సిల్ అడుగున వేలు పెట్టి చివరిదాకా రాసి చూడు. పైకి లేచాక బంపర్ గురించి మాట్లాడుకుందాం.